నిచ్చెన మీది మనిషి

లోపల గడియ పడింది. గడియ ఎందుకు పడాలి? తలుపు మూసుకోవడం వేరు, గడియ పెట్టుకోవడం వేరు. మూసుకోవడమంటే దుమ్ము రాకుండా, గడియంటే మనిషి రాకుండా. ఈ ఇంట్లో రాకూడని మనిషి తను కాక ఇంకెవరున్నారు? విజయనగరం కోట వెనక వీధిలో ఆ పాత పెంకుటింటి ముందుగదిలో, ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చున్న తవిటమ్మకి ఒడి ఖాళీగా, చలేసినట్టుగా ఉంది. పొద్దున్న నీలాలరేవులో ఆటో ఎక్కిన దగ్గర్నుంచీ, కోటబొమ్మాళిలో పాసింజరు పట్టుకుని వంశధార దాటి, నాగావళి దాటి, ఇక్కడ దిగేదాకా ఆ డబ్బా ఒళ్ళోంచి కదల్లేదు. పొందూరులో ఎక్కినామె "ఏటమ్మా, స్వీట్లా?" అంటే అటు తిరిగి కూర్చుంది. అన్నం పళ్ళెమంత గుండ్రటి రేకు డబ్బా, మూత మీద నూరేళ్ళ పసుపు పేరుకుని రేకు రంగే మర్చిపోయిన డబ్బా. దానికి నీలం వలతాడు చుట్టి, అసిరయ్య వేసే ఎడమచేతి ముడి వేసి తెచ్చింది. ఆ ముడి రేవులో ఇంకెవరికీ రాదు. ఎవరైనా విప్పి మళ్ళీ కడితే తెలిసిపోతుందని అలా కట్టింది. తీరా ఇక్కడికొచ్చాక ఆ కుర్రాడు కామేష్ తెల్లటి చేతితొడుగులు వేసుకుని "మీరే విప్పండమ్మా" అన్నాడు. విప్పింది. ముడి విప్పించుకున్నాక ఇంక ఆనవాలేముంది? చేతికి తొడుగులేసుకునేవాళ్ళు లోకంలో రెండు రకాలు, డాక్టర్లూ దొంగలూ. డాక్టరైతే గడియ పెట్టుకోడు.

గంట పడుతుందన్నాడు. పాత సినిమా బొమ్మలు దాచే ఆఫీసులో పనట అతనికి. ఈ ఇంటాయన చంద్రశేఖరం మేష్టారికి మేనల్లుడట. మేనల్లుడు కావడమేమిటి, దేశంలో ఇంత జనం ఉండగా? ఆ మాట ఈశ్వర్ ముందుగా చెప్పలేదు. కన్నకొడుకు, చెప్పలేదు. "ఆఫీసోలమ్మా, గవర్నమెంటోలే" అన్నాడు. రైలు దిగాక, రిక్షాస్టాండు దగ్గర, "ఆ దాసుగారి మనవడింట్లోనే, వోలకీ సంబంధం ఉంది గదా ఆ బొమ్మతోటి" అని గొణిగాడు. అంటే ఎన్నాళ్ళుగా తెలుసు వీడికి? నెలరోజులుగా ఫోను పట్టుకుని పెరట్లోకి పోయి మాట్లాడేవాడు, తను వస్తే గొంతు తగ్గించేవాడు. ఇప్పుడు చూడు, జిరాక్సు తీయించుకొస్తానని పోయాడు. దేనికి జిరాక్సు? ఆధార్ కార్డుకట. ఆధార్ కార్డు ఎవరికి కావాలి ఇక్కడ? వాడి చొక్కా జేబులో మడతపెట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన కాయితం ఒకటుంది, అది తనకి తెలుసు. ఆ కాయితం సంగతి వాడు ఎత్తలేదు, తనూ ఎత్తలేదు. రైల్లో రెండు గంటలు ఎదురెదురుగా కూర్చుని, తల్లి కొడుకు జేబు కేసి, కొడుకు తల్లి నుదుటి బొట్టు కేసి చూసుకుంటూ వచ్చారు.

ఇంటావిడ బాలసరస్వతి కాఫీ తెచ్చింది. సన్నగా, తెల్లగా, పక్కకి వంచిన వీణలా నడుస్తుంది. కాఫీ కాయితం కప్పులో. తవిటమ్మ ఆ కప్పుని చూసింది, గూట్లో వరసగా బోర్లించిన స్టీలు గ్లాసుల్ని చూసింది. అదీ సంగతి. చేపల మనిషికి గ్లాసెందుకు, తాగి అవతల పారేసేది చాలు. పొద్దున్న రెండు సార్లు స్నానం చేసి, సబ్బు మార్చి మరీ వచ్చింది. అయినా ముప్ఫై ఏళ్ళ గంప వాసన చర్మం కింద ఉంటుంది కాబోలు. లేదా ఉందని వాళ్ళనుకుంటారు కాబోలు. తాగకపోతే పొగరంటారు, తాగితే లొంగిందంటారు. చల్లారనిచ్చింది. వచ్చినప్పుడే బాలసరస్వతి తన నుదుటి కేసి, చేతి గాజుల కేసి చూసి, "మీ ఆయన రాలేదా అమ్మా?" అంది. "ఏటకెల్లేడమ్మగారూ" అంది తను. పదకొండేళ్ళుగా అదే జవాబు. రేషన్ షాపులో అదే, కూతురు రాణి పురిటికి ఆసుపత్రిలో రాయించుకున్నప్పుడూ అదే. వేటకెళ్ళాడు. అబద్ధం కాదు. వెళ్ళిన మాట నిజం. రాలేదన్న మాట ఎవరూ అడగలేదు.

కాఫీ సంగతి అటుంచు, ఆ పుస్తకం. తను గుమ్మంలోకి వచ్చేసరికి చంద్రశేఖరం మేష్టారు బల్ల మీద ఏదో పొడుగాటి పుస్తకం తెరిచి ఉన్నాడు. బట్ట అట్ట, అంచులు చెదలు తిన్నది. తనని చూడగానే లేచి నమస్కారం పెట్టాడు గానీ, పెట్టే ముందు ఒక చేత్తో పంచాంగం తీసి ఆ పుస్తకం మీద వేశాడు. అరక్షణం పని. చేప మొప్ప పాడైపోతే పైన మంచి చేపని పరిచే పని. తనకి తెలీదా? మేష్టారు కామేష్ వెంట లోపలికి పోయాడు గానీ పంచాంగం ఇప్పుడూ అక్కడే ఉంది, కిందనించి ఆ బట్ట అంచు వేలెడు బయటికి చూస్తోంది, పెంటకుప్ప కింద పిల్లి తోకలా.

గది అంతా సాంబ్రాణి వాసన. కాదు, సాంబ్రాణి కింద ఇంకో వాసన, తలుపు సందులోంచి. కర్పూరం. డబ్బా మూత తీశారన్నమాట. ఆ వాసన తగలగానే తవిటమ్మ ఈ గదిలో లేదు, ఆరేళ్ళ పిల్లయి నీలాలరేవులో ఇసుక అరుగు మీద ఉంది. పక్కన నూకాలవ్వ, తన తండ్రికి నాయనమ్మ. పళ్ళు లేవు, చూపు లేదు, కానీ నుదుట రూపాయి కాసంత బొట్టు, మోచేతి దాకా మట్టిగాజులు. కూర్మయ్యతాత పటాలంలో చేరి ఓడెక్కి మొదటి యుద్ధానికి పోయినప్పుడు ఆమెకి పద్దెనిమిదేళ్ళు, చంటాడు చంకలో. యుద్ధం అయిపోయింది, పోయినవాళ్ళు కొందరొచ్చారు, కొందరి కబురొచ్చింది, కూర్మయ్య రాలేదు, కబురూ రాలేదు. శవం ఒడ్డుకి రాకపోతే పసుపు కడగరు అనేది రేవు మాట. సముద్రం మీద పోయినా అంతే, సముద్రం దాటి పోయినా అంతే. నూకాలవ్వ కడగలేదు. ఏడాదికోసారి పెద్దలకి పెట్టుకునే రోజున అందరి పెద్దలకీ చీరా పంచే పెట్టేవారు, కూర్మయ్య పేరు మాత్రం ఎత్తనిచ్చేది కాదు. అతని డబ్బా ముందు మటుకు బతికున్నవాడికి వడ్డించినట్టు చేపల పులుసూ అన్నం వడ్డించేది. "ఒలే తవిటీ, వోసన సూడే, తాత లోపలున్నాడు" అని డబ్బా ముక్కు దగ్గర పెట్టేది. కర్పూరం వాసన. ఎవరు వెలిగించారు లోపల? ఎవరూ వెలిగించకుండా కర్పూరం వాసనొస్తే అది దేవుడు కాక ఏమిటి? పిల్ల భయపడి అవ్వ గాజుల చేతిని పట్టుకునేది. ఆ గాజులు ఇప్పటికీ వినిపిస్తాయి. ఇప్పుడేమిటి వినిపిస్తోంది, లోపల? సన్నగా, ఎండుచేప తోలు ఊడదీస్తున్నట్టు చప్పుడు. చింపుతున్నారా?

లేచింది. తలుపు దాకా పోయి ఆగింది. కొడితే ఏమంటారు, నమ్మకం లేదా అంటారు. లేదు. మళ్ళీ వచ్చి కూర్చుంది. ఊళ్ళో వాళ్ళకి తెలిసిన కథ ఇంతే: ఎప్పుడో మూగబొమ్మల కాలంలో ఒక డేరా వచ్చింది నీలాలరేవుకి. తెల్లగుడ్డ మీద బొమ్మలాడేవి, మాట లేదు. పక్కన గోపాలదాసు అనే హరికథల దాసుగారు పొడుగాటి కర్ర పట్టుకుని నిలబడి, బొమ్మలకి తన నోరిచ్చేవాడు. కలకత్తాలో తీసిన బొమ్మట. యుద్ధానికి పోయి తప్పిపోయిన సిపాయిని పెళ్ళాం వెతుక్కుంటుంది. ఆసుపత్రులన్నీ తిరుగుతుంది, మంచం మంచానికీ ముసుగు ఎత్తి చూస్తుంది, చివరికి రేవుకి పోతుంది. ఓడ వస్తుంది. నిచ్చెన దించుతారు. సిపాయిలు దిగుతుంటారు, వరసగా, నెత్తి మీద మూటలతో. అప్పుడు జనంలోంచి నూకాలవ్వ లేచిందట, అదుగో మా కూర్మయ్య అందట. నిచ్చెన మీద ఒక మనిషి తిరిగి చూశాడట, తిన్నగా ఆమెకేసే. అంతే. దిగుతున్నాడు గదా, దిగినవాడు ఎప్పటికైనా ఇంటికొస్తాడు. ఆ తర్వాత ఆ బొమ్మ రీలు, ఈ డబ్బాలోది, అవ్వ దగ్గరికి ఎలా వచ్చిందంటే మాత్రం ఇంట్లో ఎవరూ తిన్నగా చెప్పరు. దాసుగారు జాలిపడి ఇచ్చారని నాన్న, చేపల బుట్టకి మార్చుకుందని మేనత్త. మేనత్త కొడుకే అసిరయ్య. ఇద్దరిలోనూ పారేది కూర్మయ్య నెత్తురే. పెళ్ళయిన కొత్తలో అసిరయ్య డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "తాతా, ఒకసారి బయిటికి రా, నా పోలికో దీని పోలికో సెప్పు" అనేవాడు. నవ్వితే కుడి పక్క పన్ను విరిగి ఉండేది. విరిగినది కుడి పక్కా? ఎడమా?

ఎడమో కుడో తెలీలేదు, ఒక్కసారిగా. పదకొండేళ్ళు. ఆ పొద్దు తుఫాను లేదు, వాయుగుండం లేదు, రేడియోలో ఏమీ చెప్పలేదు, సముద్రం పాలగిన్నెలా ఉంది. అదే అనుమానం. గాలివానలో పోతే పోయాడంటారు, నిమ్మళంగా ఉన్న నీళ్ళ మీద అయిదుగురు మనుషులు పడవతో సహా ఎక్కడికి పోతారు? అసిరయ్య, పోతురాజు, చినబాబు, తిరుమలరావు, ఇంకా మీసాలు రాని వెంకీ. దొరికింది ఒక డీజిలు డబ్బా. అది కూడా తమ పడవదేనని ఎవరు చూశారు? రంగు ఒకటే అయినంత మాత్రాన? మర్నాడు ఏడ్చినవాళ్ళంతా ఏడ్చారు. తను ఏడవలేదు. ఏడిస్తే ఒప్పుకున్నట్టు. వేరే దేశం వాళ్ళు పట్టుకుని ఉండొచ్చు, ఏ దీవిలోనో ఉండొచ్చు, తల దెబ్బ తగిలి పేరు మర్చిపోయి ఏ పారాదీపులోనో వలలు అల్లుతూ ఉండొచ్చు. బస్టాండులో వెనకనుంచి చూస్తే ప్రతి రెండో మనిషీ అసిరయ్యే. ఒకసారి పలాసలో ఒకాయన భుజం పట్టుకుని తిప్పేసింది కూడా. ఆయన భయపడి పర్సు పట్టుకున్నాడు.

నాలుగేళ్ళయింది ఎమ్మార్వో ఆఫీసులో ఆ మాట చెప్పి: ఏడేళ్ళు దాటిపోయింది కాబట్టి పోయినట్టు కాయితమిస్తాం, కానీ పడవ ఒకటి, కేసు ఒకటి, అయిదు కుటుంబాలూ కలిసి సంతకం పెట్టాలి. నలుగురు పెట్టారు. పోతురాజు పెళ్ళాం గౌరి మొదటి రోజే పెట్టింది. నెల కిందట కుళాయి దగ్గర గౌరి బిందె దించి, అందరూ వింటుండగానే అంది: "నీ మొగుడొక్కడే మొగుడేటే? మాయి సెక్కబొమ్మలా? మా పిల్లోడు తండ్రి కాయితం లేక ఏ ఆఫీసుకెల్లినా గెంటేస్తన్నారు. నీ బొట్టు కోసం మావు నలుగురం అటూ ఇటూ కాకుండా ఏలాడాలా?" తను ఏమంది? "నా మొగుడు బతికున్నాడని నీకు కుళ్ళు" అంది. అనేసింది. గౌరి ఏడవలేదు, తిట్టలేదు. బిందె నెత్తికెత్తుకుని, "నూకాలవ్వ ముండ నీకు బాగా నూరిపోసింది" అని పోయింది. ఆ రాత్రే ఈశ్వర్ ఈ కామేష్‌కి ఫోను చేసి ఉంటాడు. పెద్దలకి పెట్టుకున్నప్పుడు డబ్బాని వీడియో తీసి పెట్టినవాడూ వాడే. డబ్బా తెరిస్తే అందులో తాత లేడని తేలుతుంది, తాత లేడంటే నూకాలవ్వ గాజులు అబద్ధం, అవి అబద్ధమైతే అమ్మ సంతకం పెడుతుంది. లెక్క అదే. వీళ్ళందరూ కలిసి వేసిన వల, తను డబ్బా ఒళ్ళో పెట్టుకుని తిన్నగా వచ్చి పడ్డ చేప. అయితే తను మాత్రం షరతు లేకుండా వచ్చిందా? బొమ్మలోంచి ఆ మనిషిని పైకి తీసి, కామేష్ వాళ్ళ ఆఫీసులో గోడకి పెడతారట. కింద పేరు కూర్మయ్య అని, నీలాలరేవు అని రాయాలి. రాస్తేనే ఇస్తానంది. గవర్నమెంటు గోడ మీద రాశాక ఇంక గౌరి ఏమంటుంది?

గడియ తీసిన చప్పుడు. వచ్చింది కామేష్ కాదు, చంద్రశేఖరం మేష్టారు. మొహం పాలిపోయి ఉంది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, "అమ్మా, దీని ముందు దీపం పెట్టేవారా?" అన్నాడు.

"పెద్దల దినాన పెడతాం బాబూ. ఏటి?"

"ఎంత దూరంలో?"

"ఎదరే. మూత మీదే పెట్టీది మా అవ్వ."

ఆయన రెండు చేతులూ జోడించి పైకి చూశాడు. "ఆ కాలం ఫిల్ము మందుగుండులాంటిదమ్మా. నిప్పురవ్వ తగిలితే ఇల్లు ఎగిరిపోయేది. అందుకే గడియ పెట్టాను, మా ఆవిడ అలవాటుకొద్దీ అగరొత్తి పట్టుకుని లోపలికి వచ్చేస్తుందని."

"కర్పూరం వోసనేటి మరి?"

"ఆ ఫిల్ములో కర్పూరం కలిపేవారు, మెత్తగా వంగడానికి."

ఓహో. అదా. నూరేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని మొక్కింది ఫ్యాక్టరీలో పోసిన కర్పూరానికా. నమ్మొచ్చా ఈయన్ని? ఇంత తీయగా చెప్పేవాడు ఇంకేదో చేదు దాస్తాడు. గడియ మాట నిజమైతే కావచ్చు, పంచాంగం మాటో? తవిటమ్మ లేచి బల్ల దగ్గరికి వెళ్ళింది. వేలెడు బయటికి కనిపిస్తున్న ఆ బట్ట అంచు మీద వేలు పెట్టింది.

"ఇదేటి బాబూ? నానొచ్చినప్పుడు దీని మీద దుప్పటి కప్పేరు."

ఆయన పంచాంగం తీయబోయి, మళ్ళీ సర్ది, మళ్ళీ తీశాడు. చదువుకున్న మనిషి తడబాటు చూడ్డం ఆమెకి కొత్త. చివరికి, "మా తాతగారి దినచర్య" అన్నాడు. "గోపాలదాసుగారు. ఊరూరా ఆట వేసినప్పుడు రాసుకున్నది. మీరు చూస్తే బాధపడతారని."

"మాం దొంగలమని రాసేరా?"

"అదొక్కటే అయితే దాచేవాణ్ణి కాదు."

"అయితే సదవండి. నాకు గొలుసు రాతలు రావు. సదవండి, మద్దిలో మింగీకండి."

కళ్ళజోడు తుడుచుకుని చదివాడు. ఆయన గొంతు మారింది, పాతకాలపు మనిషెవరో గదిలోకి వచ్చినట్టు. "'నీలాలరేవు. ఆఖరు రీలునందు ఓడ నిచ్చెన చూపునప్పుడు రేవు స్త్రీ ఒకతె లేచి, అదుగో మా కూర్మయ్య అని కేక వేసినది. డేరా యావత్తు ఏడ్చినది. నేను చెప్పవలసిన మాట మరచితిని. ఆ స్త్రీ కేక నా పాండిత్యమునంతయు మ్రింగినది.'" తవిటమ్మ కళ్ళు మూసుకుంది. కేక వేసింది. నిజం. ఎవరూ చెప్పకుండానే వేసింది, ఎవడో కర్రతో చూపిస్తే నమ్మిన వెర్రిది కాదు. ఒంట్లో నెత్తురు తిరిగొచ్చింది. "ఆపేరేటి? సదవండి." ఆపడానికి కారణం ఉంది, ఆయన గొంతులో తెలుస్తోంది. "'టెక్కలి. పటాలమునకు పోయి రానివాడెవడని ముందుగా విచారించితిని. అప్పన్న అని తెలిసినది. నిచ్చెన మీద ఆ మనిషి తిరిగి చూచునప్పుడు కర్రతో చూపి, అదుగో అప్పన్న అంటిని. అతని భార్య మూర్ఛపోయినది. ఆట మూడు దినములు పొడిగించిరి.' తర్వాత పొందూరు, సన్నాసి. చీపురుపల్లి, రామస్వామి. తర్వాత..." పేజీ తిప్పాడు. ఊరు, పేరు. ఊరు, పేరు. పద్నాలుగు ఊళ్ళు. ఒకే నిచ్చెన, ఒకే మనిషి, పద్నాలుగు పేర్లు.

అయితే అదీ. తన అవ్వ కేకని ఎత్తుకుపోయి ఊరూరా అమ్మాడన్నమాట, దాసుగారు. తవిటమ్మకి కోపం రావాలి. వస్తోంది కూడా, కానీ దారిలో ఏదో అడ్డం పడుతోంది. టెక్కలిలో మూర్ఛపోయిన ఆ పెళ్ళాం. ఆమె పేరేమిటి? ఆమెకీ బొట్టుండే ఉంటుంది. "కోటబొమ్మాళి ఉందేటి అందులో?" అంది, ఎందుకడిగిందో తనకే తెలీకుండా. కాదు, తెలుసు. మేనత్త ఒకసారి, తాగిన మీద, నోరు జారింది: అవ్వ కోటబొమ్మాళి సంతకి ఎండుచేపల బుట్టతో నడిచిపోయి, మర్నాడు అమ్ముడుపోని చేపలతో తిరిగొచ్చిందట, బుట్ట అడుగున డబ్బా.

"ఉంది. 'కోటబొమ్మాళి. అదుగో గురువులు అంటిని. గురువులు భార్య ఏడ్చుచుండగా జనము మధ్యనుండి నీలాలరేవు స్త్రీ లేచి, నా మొగుడిని ఎవతెకు ఇచ్చుచున్నావురా అని నా మీద ఇసుక చల్లినది. ఆట ముగిసి పెట్టె సర్దుకొనుసరికి ఆఖరు రీలు కానరాలేదు.'" చంద్రశేఖరం కళ్ళజోడు తీసేశాడు. "మా ఇంట్లో మీవాళ్ళని దొంగలనేవారమ్మా. ఇది చదివాక దొంగెవరో నాకు అర్థం కావడం మానేసింది."

"ఇంకా ఉందేటి?"

"ఒక్క ముక్క. 'ఇకపై ఆఖరున తెల్లగుడ్డ మీద ఉత్త వెలుగు వేసి నోటితో చెప్పుచున్నాను. ఒక్కరును ఏడ్చుట లేదు. వెనుకటి ఊళ్ళ ఆడువారు నలుగురు ఎడ్లబండి కట్టుకుని వచ్చి, మా వాడిని ఇంకొకసారి చూపుమని అడిగిరి. లేడని చెప్పలేను, ఉన్నాడని చూపలేను. వారు రాత్రియెల్ల డేరా వెలుపల కూర్చుండి తెల్లవారి పోయిరి.'"

నలుగురు. ఆ లెక్క ఎవరో చెంప మీద పెట్టి కొట్టినట్టు తగిలింది. నలుగురు ఆడవాళ్ళు, డేరా బయట, అటూ ఇటూ కాకుండా. వాళ్ళ మనిషి నూకాలవ్వ బుట్ట అడుగున, ఎండుచేపల కింద. తన మొగుడు తనవాడేనని దాచుకుంది. బాగానే ఉంది, తప్పేముంది? కానీ ఆ మొహం మీద పద్నాలుగు మంది చూపులు ఆనుకుని ఉన్నాయి కదా, అబద్ధమైతేనేం, ఆనుకుని ఉన్నాయి. అది లాగేస్తే మిగతా పదమూడు ఇళ్ళూ కూలాయి. మా మొగుళ్ళు సెక్కబొమ్మలా? ఎవరిదా గొంతు? టెక్కలి ఆవిడదా, గౌరిదా? బిందె మీద నీళ్ళు తొణికి గౌరి మొహం మీద పడ్డాయి ఆ రోజు, తుడుచుకోలేదు, అందుకే ఏడ్చిందో లేదో తనకి తెలీలేదు. లేదు, తెలుసు. చేప కన్ను చూసి పూట చెప్పే మనిషికి ఆడదాని కన్ను తెలీదా? తెలిసే తల తిప్పుకుంది.

లోపలి తలుపు బార్లా తెరుచుకుంది. కామేష్ లాప్‌టాప్ పట్టుకొచ్చాడు, ఎంగిలి కప్పు ఒకటి రెండో చేతిలో. కాయితం కప్పు. అతనికీ కాయితం కప్పే. సొంత మేనల్లుడికీ. తవిటమ్మ చల్లారిన తన కాఫీ కేసి చూసి, ఏమీ అనకుండా తీసుకుని ఒక్క గుక్కలో తాగేసింది.

"చాలావరకు పొడైపోయిందమ్మా, సారీ. మధ్యలో గట్టిగా చుట్టుకున్న చోట ఒక్క బొమ్మ నిలిచింది. ఒక్కటే."

తెర మీద బూడిద రంగు. అంచుల్లో బూజు పువ్వులు పూసినట్టు మచ్చలు. మధ్యలో ఏటవాలుగా ఓడ నిచ్చెన, దాని మీద మూటలు మోస్తున్న మనుషులు, ఒక్కడు ఇటు తిరిగి ఉన్నాడు. మొహం ఉంది. తుడిచిపెట్టుకుపోలేదు. పాతికేళ్ళవాడు, ఎండకి కళ్ళు చిట్లించి. తవిటమ్మ వంగి చూసింది. ఇతనా? చెవులు నాన్నవి. కాదు, ఆ చెవులు ఎవరికైనా ఉంటాయి. గడ్డం ఈశ్వర్‌ది. పెదవి అసిరయ్యది, నవ్వబోయి ఆగినప్పటి పెదవి. పోలిక వెతికితే పలాస బస్టాండులో భుజం పట్టుకున్న మనిషి పోలిక కూడా ఉంది. కూర్మయ్యని చూసినవాళ్ళు లోకంలో ఒక్కరూ మిగల్లేదు, పోల్చి చెప్పేందుకు. నూకాలవ్వ ఉంటే చెప్పేదా? ఆమె అతన్ని చూసి పదేళ్ళయింది ఆ డేరా నాటికి. పదేళ్ళకి ఆమెకి మాత్రం పన్ను కుడి వైపో ఎడమ వైపో తెలుసా? ఇంకోటి చూసింది. మనిషి కాలు ఒకటి మెట్టు మీద, ఒకటి గాలిలో.

"ఇతగాడు దిగతన్నాడా, ఎక్కతన్నాడా?"

కామేష్ తెర దగ్గరికి వంగాడు. ముందు వెనకల బొమ్మలు లేవు కదా, అన్నాడు. వెలుగు పెంచి చూశాడు, తగ్గించి చూశాడు. "తెలీదమ్మా. ఒక్క బొమ్మలో అది తెలీదు." కీబోర్డు మీద వేళ్ళు పెట్టి, "కింద పేరు రాస్తానన్నాను కదా. కూర్మయ్య, నీలాలరేవు. అంతే కదా?" అన్నాడు.

అంతే అనాలి. అందుకే వచ్చింది. నోటి దాకా వచ్చింది, అంతే. మేష్టారు పుస్తకం మూయబోతున్నాడు, ఈసారి పంచాంగం కింద పెట్టడానికి కాదు. "మూసీకండి" అంది తవిటమ్మ. "అన్నీ రాయండి. పద్నాలుగూ. ఊరూ, పేరూ. మావోడిది ముందర రాయండి, ముందు కేకేసింది మాయవ్వ. తరవాత మిగతావోళ్ళవి. కోటబొమ్మాళిదీ రాయండి." గొంతు కీచుగా వచ్చింది, సంతలో చివరి బేరానికి వచ్చినట్టు.

గుమ్మంలో ఈశ్వర్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. చేతిలో జిరాక్సు కాయితం ఒకటి. ఆధార్ కార్డుదే, నిజంగానే. కామేష్‌కి ఇవ్వాలట, ఎవరిచ్చారో రాసుకోడానికి. నిజమే చెప్పాడు వెధవ, నిజం చెప్పేటప్పుడు కూడా దొంగమొహం పెట్టడమెందుకో. తండ్రిదే ఆ అలవాటు.

"ఒరే ఈసూ, ఆ కాయితం ఇలా ఇయ్యి."

"ఇదిగోనమ్మా, జిరాక్సు..."

"అది కాదురా. జేబులోది. రైల్లోంచి సూస్తన్నాను, గుడ్లు పొదుగుతున్నట్టు ఒత్తుకు తిరగతన్నావు."

వాడు కదల్లేదు. "నీకెవలు సెప్పేరు?" అన్నాడు, పిల్లాడిలా. తనే వెళ్ళి జేబులోంచి లాగింది. ప్లాస్టిక్ కవరు, లోపల నలుగురి గుర్తులు, మూడు వేలిముద్రలూ, వాటి పక్కన గౌరివి ఒంకర టింకర అక్షరాలూ. అయిదో గీత ఖాళీగా ఉంది, నాలుగేళ్ళుగా. మేష్టారి కలం అడిగి తీసుకుంది. చదవలేదు. అందులో ఏమి రాశారో తెలుసు, మరణించినట్టు భావించి అని రాశారు. భావించుకోండి. ఒక్కో అక్షరం మీద ఊపిరి ఆపి, వ మీద గుడి ఎక్కడ పెట్టాలో ఒకసారి ఆగి, పేరు రాసింది. కలం మూత పెట్టి ఇచ్చింది. ఈశ్వర్ కళ్ళలో నీళ్ళు. అవి ఎందుకో ఇప్పుడడగదు, రైల్లో చూసుకోవచ్చు.

ఖాళీ డబ్బా తనకి ఇచ్చేశారు, పొడి దులిపి. తేలిగ్గా ఉంది. నీలం తాడు చుట్టి ఎడమచేతి ముడి వేసింది, చెయ్యి దానంతటదే వేసింది. లేచింది. అప్పుడు లోపల్నుంచి బాలసరస్వతి వచ్చింది, చేతిలో కుంకం భరిణె. ఇంటికొచ్చిన ముత్తయిదువ వెళ్ళేటప్పుడు బొట్టు పెట్టి పంపడం ఆ ఇంటి ఆచారం. ఏ ఇంట్లోనైనా అంతే. గుమ్మం దగ్గర ఆమె అడుగు ఆగిపోయింది. బల్ల మీద ఆ కాయితం ఇంకా ఆరుతోంది. వేటకెళ్ళాడని చెప్పిన మనిషి, మరణించినట్టు సంతకం పెట్టిన మనిషి, ఇద్దరూ ఒకే చీరలో నిలబడి ఉన్నారు. బాలసరస్వతి వేలు కుంకంలో మునిగి, పైకి రాకుండా అలాగే ఉండిపోయింది. తవిటమ్మ ఆమె కళ్ళలోకి చూసింది, గంప ముందు కూర్చుని కొనేవాళ్ళని చూసినట్టు, ఎంతలో దిగుతారో చూసినట్టు. వెనక తెర మీద ఆ మనిషి ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు.

"కాయితం ఆ నలుగురిదీ అమ్మగారూ" అని, తవిటమ్మ నుదురు ముందుకు వంచింది. "ఇది నాది. పెట్టండి."